జాగీర్దారు పేరు మీద ఫాతెహా

దోహా పక్కన అల్ వుకైర్‌లో కహకషాన్ ఆపా ఇంట్లో నెలకొక శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు అయినాక, ఆడవాళ్ళు కూడతారు. హైదరాబాదు వాళ్ళు, నిజామాబాదు వాళ్ళు, జహీరాబాదు వాళ్ళు. సగం మాట దక్కనీలో, సగం తెలుగులో. హాల్లో నేల మీద తెల్లదుప్పటి పరిచి నడుమ ఖర్జూరపు గింజల కుప్ప పోస్తారు. ఒక్కొక్క గింజా పక్కకు పెడుతూ దువాలు చదువుకుంటారు. కుప్ప అయిపోయినాక మిఠాయి పళ్ళెం ముందర పెట్టి ఫాతెహా ఇస్తారు. అప్పుడు ఆపా ఒక్కొక్కరి వైపు తిరిగి, మీ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పండమ్మా అని అడుగుతుంది. ఒకామె తండ్రి పేరు చెబుతుంది, ఒకామె పురిట్లో పోయిన బిడ్డ పేరు చెబుతుంది. చదివిన పుణ్యం ఆ పేర్లకు చేరుతుందని నమ్మకం. పేరు చెప్పకపోతే అల్లాకు తెలియదా అంటే తెలుసు. అయినా పేరు పెట్టి ఇవ్వడం వాళ్ళ వరస.

మెహర్ సుల్తానా వంతు వచ్చినప్పుడు ఆమె చెప్పే పేరు ఎప్పుడూ ఒకటే. ఫుర్ఖాన్ అలీ జాగీర్దార్. ఆ పేరు వినగానే మిగతా ఆడవాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్ళు. మిఠాయి పళ్ళెం మొదట ఆమె దగ్గరికే వచ్చేది.

పోయిన ఎండాకాలం మెహర్ తల్లి చనిపోయింది. ఆ నెల కూడా మెహర్ జాగీర్దారు పేరే చెప్పింది. తర్వాతి నెలా అదే పేరు. తల్లి పేరు గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

మెహర్ చదివింది ఏడో తరగతి. మాట తక్కువ మనిషి. కానీ గడీ సంగతి ఎత్తితే మాత్రం ఆమె నోరు విప్పేది. మంజీరా ఒడ్డున నల్లరాతి గడీ. చుట్టుపక్కల ఊళ్ళన్నీ జాగీర్దారువే. నిజాము కాలంలో ఆ గోడలు లేపుతున్నప్పుడు ఊరికొక వారం చొప్పున జనం వంతు వేసుకుని సున్నపు గానుగ తిప్పారట. కూలి లేదు, అడిగే నోరూ లేదు. ఇంగ్లీషు దొర ఒకాయన వేటకు వస్తాడని కబురొస్తే, ఆయన కోసం ప్రత్యేకంగా ఒక గది కట్టించి, బొంబాయి నుంచి పింగాణీ తొట్టి తెప్పించారు. రైల్లో కొంత దూరం, బండి మీద కొంత దూరం, ఏరు దాటేటప్పుడు మనుషుల భుజాల మీద. దొర వచ్చాడు. ఆ రాత్రి వాన కురిసింది. వేట లేదు, స్నానమూ లేదు. పొద్దున్నే గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. తొట్టి చాలా ఏళ్ళు ఊరికే పడి ఉండి, చివరికి బర్రెలకు కుడితి పోయడానికి పనికొచ్చింది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు పడి పడి నవ్వేవాళ్ళు. కహకషాన్ ఆపా కళ్ళు తుడుచుకుంటూ, ఇంగ్లీషోడి తొట్టిలో తాగినందుకే మీ బర్రెల పాలు అంత చిక్కగా ఉండేవేమో అనేది.

తర్వాతి కథ కూడా మెహర్ చెప్పేది. సంఘపోళ్ళు గరిసెలు పగలగొట్టి వడ్లు పంచిన రోజు. పోలీసు చర్య. జాగీరు సర్కారుకు పోవడం. జాగీర్దారు కుటుంబం ఒక్కొక్కరే హైదరాబాదు చేరడం. టేకు తలుపులు ఒకసారి, మేడ మీది దూలాలు ఒకసారి, దివాన్‌ఖానా కిటికీల రంగు అద్దాలు ఇంకోసారి అమ్ముడుపోవడం.

ఆ కథల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే ఒక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మెహర్ కథల్లో దివాన్‌ఖానా నేల మీద ఏ రాయి ఎక్కడ పగిలిందో ఉండేది, కప్పు మీద ఏ చిత్రం ఉందో ఉండేది కాదు. వంటశాల పొగ ఉండేది, వడ్డించిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న మాట ఉండేది కాదు. వంగి నేల తుడిచిన పిల్లకు కప్పు చూసే తీరిక ఎక్కడిది?

మెహర్ అమ్మమ్మను ఆమె కన్నవాళ్ళు అంకాలమ్మ అని పిలిచేవాళ్ళు. ఒక కరువు ఏడు ఆ కన్నవాళ్ళే ఆమెను వేలు పట్టుకుని తెచ్చి గడీ గరిసె ముందర నిలబెట్టి, జొన్నల బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయారు. పిల్ల వాళ్ళ వెనకాల పరుగెత్తిందట. దర్వాజా దగ్గర ఎవరో రెక్క పట్టి ఆపారట. జాగీర్దారు భార్య బేగం సాహిబా ఆ పిల్లకు చమన్ అని పేరు మార్చింది. చమన్ గడీలోనే పెరిగింది, గడీలోనే జైబాను కన్నది. జైబా తండ్రి ఎవరని గడీలో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిన దాన్ని ఎవరడుగుతారు? జైబాను గడీకి నీళ్ళు మోసే మనిషికిచ్చి నిఖా చేశారు. వాళ్ళకు పుట్టిన పిల్లకు బేగం సాహిబా తనకు తోచిన పెద్ద పేరు పెట్టింది. మెహర్ సుల్తానా. ఆ పేరు కూడా గడీ ఇచ్చిందే, పాత చీర ఇచ్చినట్టు.

మరి దోహాలో ఆమె జాగీర్దారు మనవరాలు ఎట్లా అయింది? అది ఒక పూటలో జరిగిన పని కాదు.

పెళ్ళైన కొన్నేళ్ళకు భర్త రఫీయుద్దీన్ ఫ్యామిలీ వీసా తీసి ఆమెను మెసైమీర్ తీసుకొచ్చాడు. ఆయన ఏసీలు బాగుచేసే కంపెనీలో ఫోర్‌మన్. పాత విల్లాను గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఇల్లు. చంకలో కూతురు మరీహా. పక్క వాటాలో అప్పట్లో కహకషాన్ ఆపా ఉండేది. మెహర్‌కు అక్కడ ఎవరూ తెలియదు. ఒకరోజు ఆపా, ఇంకొందరు ఆడవాళ్ళు చాయ్ తాగుతూ ఆమె ఫోన్‌లో గడీ ఫోటో చూశారు. ఇది మీ ఇల్లేనా అని ఆపా అడిగింది. మెహర్ పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. అవునని అనలేదు, కాదనీ అనలేదు. చాయ్ కప్పు వైపు చూసి నవ్వింది. ఆ నవ్వును వాళ్ళు అణకువ అనుకున్నారు. పెద్దింటి ఖాన్‌దానీ మనుషులు ఇట్లాగే గొప్పలు చెప్పుకోరని ఒకామె మెచ్చుకుంది.

అంతలో వీడియో కాల్ వచ్చింది, మెహర్ ఎత్తింది. తెర మీద జైబా ముఖం. వెలిసిపోయిన ఓఢ్నీ, చేతులకు గాజులు లేవు, వెనకాల మసిపట్టిన వంటశాల గోడ. కుటుంబం హైదరాబాదు పోయినాక గడీ తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. ఆపా తొంగిచూసి, “ఎవరు, మీ పాత పనామెనా?” అంది.

మెహర్ నోట్లోంచి మాట వచ్చేసింది. “ఆ. చిన్నప్పటి సంది మా ఇంట్ల ఉన్నది.”

తెర అవతల జైబా విన్నది. ఒక్క క్షణం ఆమె రెప్ప కొట్టలేదు. తర్వాత ఓఢ్నీ తల మీదికి లాక్కుని, “సలామ్ బీబీ, మంచిగున్నరా?” అంది.

బిడ్డా అని పిలిచే తల్లి బీబీ అంది. నువ్వు అనే తల్లి మీరు అంది. గడీలో పుట్టి పెరిగిన మనిషికి ఏ గదిలో ఏ గొంతుతో మాట్లాడాలో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ సాయంత్రం మెహర్ వంటింట్లో తలుపు వేసుకుని తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. జైబా నవ్వి, “ఏడుస్తవెందుకే పిచ్చిదానా, నలుగురిల నీకు ఇజ్జత్ ఉండాలె, నాకేం తక్కువైతది,” అంది. మెహర్ అప్పుడే ఆపా ఇంటికి వెళ్ళి ఆ మాట దిద్దుకుని ఉంటే అంతటితో అయిపోయేది. రేపు చెబుదాం అనుకుంది. మరునాడు ఆపా ఆమెను ఇంకొకరికి పరిచయం చేస్తూ, జాగీర్దారు గారి మనవరాలు అంది.

అంతే. ఆ తర్వాత జైబా ఎప్పుడు ఫోన్ చేసినా పక్కన ఎవరున్నారో తెలియక మొదట బీబీ అనే పిలిచేది. ఎవరూ లేరమ్మా అని మెహర్ చెప్పినాక బిడ్డా అనేది. మరీహాకు మాటలు వచ్చినాక, పిల్ల ఎక్కడ నోరు జారుతుందోనని, తెర మీది ముసలామెను నానీ అనకుండా, పనామెను పిలిచినట్టు బువా అని పిలవడం నేర్పింది మెహర్. రఫీయుద్దీన్ అది విని భార్య వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే, అనాల్సిన చోట అనడు. పైగా జాగీర్దారు గారింటి అల్లుడంటే కంపెనీలో హైదరాబాదు వాళ్ళు ఇచ్చే మర్యాద ఆయనకూ చేదుగా లేదు.

పోయిన ఎండాకాలం ఊరి నుంచి కబురు వచ్చింది. జైబా పోయింది. రఫీయుద్దీన్ డ్యూటీ వదిలి ఇంటికొచ్చి, టికెట్ తీస్తాను, రాత్రికి ఫ్లైట్ ఉంది, పోయిరా అన్నాడు. మెహర్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అప్పటికే కహకషాన్ ఆపా ఫోన్ చేస్తే, ఏడుపు ఆపుకోలేక, మా పాత పనామె పోయింది ఆపా అని చెప్పేసింది. ఆ నోటితో ఇప్పుడు ఊరికి పోతున్నానని ఎట్లా చెప్పాలి?

“ఎవరు సచ్చిపోయిన్రని చెప్పి పోవాలె?” అంది భర్తతో.

రఫీయుద్దీన్ ఆమెను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. చెప్పులు వేసుకుని తిరిగి డ్యూటీకి వెళ్ళిపోయాడు. జైబాకు ఆఖరి స్నానం, గుస్ల్, చేయించాల్సింది కూతురు. ఊళ్ళో ఎవరో చేయించారు. ఆ నెల కూడికలో ఆపా మెహర్ భుజం నిమిరి అందరికీ చెప్పింది. నౌకరు మనిషి పోతే ఇట్లా ఏడ్చేవాళ్ళను నేను చూడలేదు, రక్తంలోనే ఉండాలి ఆ గుణం అని.

ఆ మెప్పు వీపు మీద వాతలా మిగిలిపోయింది. స్నానం చేస్తున్నప్పుడు గుర్తొచ్చేది, అన్నం గిన్నె అడుగు గోకుతున్నప్పుడు గుర్తొచ్చేది. మాడు చెక్క అంటే జైబాకు ప్రాణం. గడీలో అందరూ తిన్నాక పనివాళ్ళకు మిగిలేది అదే కాబట్టి ఇష్టమైందో, నిజంగానే ఇష్టమో, ఎప్పుడూ అడగలేదు.

చలికాలం వచ్చింది. ఒకరోజు మెహర్ పప్పు తాలింపు పెడుతుండగా కహకషాన్ ఆపా ఫోన్ చేసింది. గొంతు నిండా సంబరం. వుకైర్‌లో మా పక్క బిల్డింగ్‌లోకి కొత్తగా ఒకామె వచ్చింది, పేరు మహెక్, ఆమె మొగుడు ఫయాజ్ ఇంజనీరు, ఆమె పుట్టిల్లు మంజీరా ఒడ్డు గడీయేనట, మీకు చుట్టమే అయి ఉంటుంది, ఈ శుక్రవారం పిలిచాను, నిన్ను చూస్తే ఎంత సంతోషపడుతుందో అని చెప్పుకుపోతోంది. నీ పేరు మాత్రం చెప్పలేదు, ఉన్నట్టుండి చూపిద్దామని అని నవ్వింది.

తాలింపు మాడిపోయింది.

మహెక్. జాగీర్దారు సొంత మనవరాలు. మెహర్, మహెక్ పది పన్నెండు రోజుల తేడాతో గడీలోనే పుట్టారు. పురుడు కాగానే మహెక్ తల్లికి జ్వరం తగిలి పాలు పడలేదు. అప్పుడు జైబా ఒడిలో మెహర్ ఉంది. బేగం సాహిబా మనవరాలిని తెచ్చి జైబా ఒడిలో పెట్టింది. దొరబిడ్డ తాగినాక కన్నబిడ్డ తాగాలి, అది వరస. ఒక తల్లి పాలు తాగిన పిల్లలు వాళ్ళ మతంలో తోబుట్టువులే, ఒకరి అన్నదమ్ములతో ఇంకొకరికి పెళ్ళి కూడా కుదరదు. ఆ లెక్కన మహెక్, మెహర్ అక్కచెల్లెళ్ళు. మహెక్ హైదరాబాదులో చదువుకుంటూ సెలవులకు వచ్చేది. రాగానే జైబమ్మా అంటూ వంటశాలకు పరుగెత్తేది. మెహర్ మాత్రం ఆమెను, దొరసానిని పిలిచినట్టు, చిన్న పాషా అనే పిలిచేది.

శుక్రవారం మెహర్ జ్వరమని పడుకుంది. మరీహా నుదురు పట్టి చూసి, ఏం లేదమ్మీ అంది. రఫీయుద్దీన్ తలుపు దగ్గర కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“ఇయ్యాల పోకుంటే వచ్చే నెల పోవాలె. ఆమె ఈడ్నే ఉంటది గదా,” అన్నాడు. “ఎన్ని నెలలు జ్వరమొస్తది నీకు?”

వుకైర్‌లో ఆపా బిల్డింగ్ ముందు కారు ఆగింది. మెహర్ మరీహా చేయి పట్టుకుని మెట్లెక్కింది. వెనుకనే లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. మహెక్ దిగింది. కొంచెం ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి, కానీ నడక అదే. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టింది.

మెహర్‌కు తర్వాత ఎంత ఆలోచించినా తను ఎప్పుడు వంగిందో గుర్తు రాలేదు. చిన్నప్పుడు గడీలో ఆమె పని అదే. బీబీలు అరుగు ఎక్కగానే విడిచిన చెప్పులు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, మునివేళ్ళు వాకిలి వైపు ఉండేట్టు తిప్పి పెట్టాలి. వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి వెతుక్కోకూడదు. ఇన్నేళ్ళ తర్వాత వుకైర్‌లో ఏసీ చల్లగా వీస్తున్న గుమ్మంలో ఆమె చేతులు మహెక్ చెప్పులు తీసుకుని, దుపట్టా కొసతో తుడిచి, తిప్పి పెట్టాయి. తలెత్తేసరికి మహెక్ ఆమెనే చూస్తోంది. గుర్తుపట్టింది.

కహకషాన్ ఆపా కూడా చూసింది. చూసి చేతులు చరిచింది. చూడండమ్మా, గడీ మర్యాద అంటే ఇది, వచ్చినవాళ్ళ చెప్పులు కూడా సర్ది పెడుతుంది మా మెహర్ అంది. అందరూ తలలూపారు. అబద్ధం ఇంకొకసారి తనంతట తానే వచ్చి మెహర్ మీద ముసుగు కప్పింది. ముసుగు లోపల ముఖం మండిపోతోంది.

మహెక్ వచ్చి మెహర్ పక్కనే కూర్చుంది. చదవడం మొదలైంది. ఖర్జూరపు గింజలు ఒక్కొక్కటే పక్కకు జరుగుతున్నాయి. మెహర్ వేళ్ళు గింజలు జరుపుతున్నాయి గానీ పెదవుల మీద ఏమీ లేదు. మహెక్ ఒకసారి ఆమె వైపు వంగి ఏదో అడగబోతే మెహర్ ముఖం తిప్పుకుని గింజల వైపు చూసింది. కుప్ప అయిపోయింది. ఆపా మిఠాయి పళ్ళెం ముందర పెట్టింది. పేర్లు చెప్పడం మొదలైంది.

మెహర్ వంతు రాగానే ఆపా చిరునవ్వుతో, “నీది నాకు తెలిసిందే. ఫుర్ఖాన్ అలీ జాగీర్దార్ సాబ్,” అంది.

మహెక్ తలెత్తి దక్కనీలో అంది. “ఆయన పేరు నేను చెప్పాలె ఆపా. మా దాదా ఆయన.”

ఆపాకు ముచ్చటేసింది. ఇద్దరికీ ఆయనే తాత అయితే మీరు అక్కచెల్లెళ్ళే కదా, నేను అననే అన్నాను అంది. మహెక్ మెహర్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎవరి సంచీలోనో తన వస్తువు కనబడితే, ఆ మనిషి సిగ్గుపడకూడదని చూడనట్టు ఉండే చూపు.

“అక్కచెల్లెండ్లమే,” అంది మహెక్. “ఒక్క తల్లి పాలు తాగినం.”

తర్వాత తెలుగులో, మెహర్‌కు మాత్రమే అన్నట్టుగా, మెల్లగా అడిగింది. “జైబమ్మ ఎట్లున్నదే మెహరూ? వచ్చినకాడి సంది అడుగుదామంటే మొఖం దాపెడ్తున్నవ్. మోకాళ్ళ నొప్పులు తక్కువైనయా?”

ఆ తెలుగు మహెక్‌ది కాదు. హైదరాబాదులో పెరిగిన పిల్లకు ఆ తెలుగు ఇంకెక్కడా దొరకదు. మాట చివర సాగదీసే ఆ తీరు, నొప్పి గురించి అడిగేటప్పుడు గొంతు దించే తీరు, అది జైబా ఒడిలో నేర్చినది. చచ్చిపోయిన తల్లి ఎవరి నోట్లోంచో మాట్లాడినట్టుంది. ఆ మాట తన నోట్లో ఎప్పుడో పోయింది. జాగీర్దారు మనవరాలు అట్లా మాట్లాడదని తనే తీసి పారేసింది.

ఆమె జవాబు చెప్పేలోపల కహకషాన్ ఆపా అందుకుంది. పాపం ఆమె మనసులో ఏ చెడ్డా లేదు. “జైబా అంటే మీ పాత పనామె కదా మెహర్? పోయిన ఎండాకాలమే పోయిందంటివి.”

మహెక్ ఆపా వైపు చూసి, మళ్ళీ మెహర్ వైపు చూసింది.

“పోయిందా?” అంది. “నాకెవ్వరు చెప్పలే.”

కళ్ళద్దాలు తీసి దుప్పటి మీద పెట్టింది. ఎవరున్నారో చూసుకోకుండా, ముఖం కప్పుకోకుండా, పెద్దగా ఏడ్చింది. పాలిచ్చిన తల్లి కోసం ఏడ్చే హక్కు ఆమెకు ఉంది. ఆ హక్కును ఆమె ఎన్నడూ కాదనుకోలేదు. పక్కనే కూర్చున్న కన్నకూతురు మాత్రం గింజల వైపు చూస్తూ ఉంది.

అప్పుడు కూడా మెహర్ ఊరుకుంటే ఊరుకోవచ్చు. మహెక్ బయటపెట్టదు. అది మెహర్‌కు తెలిసింది. ఇంకో నెల, ఇంకో ఏడాది, ఈ దుప్పటి మీద జాగీర్దారు మనవరాలిగానే కూర్చోవచ్చు. ఆ మాట అబద్ధమైతే ఒక సిగ్గు, నిజమైతే అమ్మమ్మ తరఫున ఇంకో సిగ్గు. జొన్నల బస్తాకు పిల్లను కొన్నవాడికి ఇన్నేళ్ళుగా తను పుణ్యం పంపుతోంది. ఆ పిల్లకు పుట్టిన ఆడమనిషికి ఒక్క పూట కూడా పంపలేదు.

“ఆపా,” అంది. ఆపా మహెక్ వైపు చూస్తోంది. మళ్ళీ అంది. “ఆపా, నేనొక పేరు చెప్తా. జైబా బీ. చమన్ బిడ్డ. మా అమ్మ.”

ఎండాకాలంలో మెహర్ భుజం నిమిరిన కహకషాన్ ఆపా చేయి పళ్ళెం అంచు మీదే ఉండిపోయింది. కాసేపటికి ఆమె చేతులెత్తి ఫాతెహా చదివింది. అందరి పేర్లూ వరసగా చెప్పింది. జైబా పేరు దగ్గర తడబడి, మెహర్ వాళ్ళ తల్లి అని చేర్చింది.

మిఠాయి పళ్ళెం ఆ రోజు ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు. ఆపా దాన్ని దుప్పటి నడుమ పెట్టేసింది. ఎవరికి వాళ్ళు తీసుకున్నారు. నిజామాబాదు వాళ్ళల్లో ఒకామె మెహర్ వైపు చూడకుండా పిల్లల బడి సంగతి ఎత్తింది. ఇంకొకామె ఊరికి పోయే టికెట్ల సంగతి ఎత్తి, సగంలో ఆపేసింది. మెహర్ చేతిలో మిఠాయి ముక్క కరిగి వేళ్ళకంటుకుంది.

గుమ్మం దగ్గర మహెక్ ఆమెను ఆపింది.

“గుస్ల్ ఎవరిచ్చిన్రు అమ్మకు?”

“ఊళ్ళె ఎవరో.”

“నువ్వు పోలే?”

మెహర్ తల అడ్డంగా ఊపింది.

మహెక్ ఆమెను ఓదారుస్తుందని, పోనీలే అంటుందని మెహర్ లోపల ఎక్కడో ఆశపడింది. మహెక్ అనలేదు. “నాకు చెప్తె నేనన్న పోతుంటి,” అంది. “మేము ఆమెను ఆ పాడుగోడలల్ల తాళాలిచ్చి ఇడిచిపెట్టినం. ఆ పాపం మాది. నువ్వు మాత్రం…” అని ఆగింది. మిగతా మాట మింగేసి చెప్పుల వైపు తిరిగింది.

చెప్పులు మెహర్ పెట్టినట్టే ఉన్నాయి, మునివేళ్ళు లిఫ్ట్ వైపు. మహెక్ చూడకుండానే కాళ్ళు దూర్చి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. చిన్నప్పటి నుంచీ చెప్పులు అట్లా తిరిగి ఉండడమే చూసిన కాళ్ళవి.

కింద రఫీయుద్దీన్ కారులో ఉన్నాడు. భార్య ముఖం చూసి ఇంజను ఆన్ చేయలేదు. వెనక సీటులో మరీహా ముందుకు వంగింది. పిల్ల అంతా విన్నది.

“అమ్మీ, బువా మన నానీనా?”

“ఔను.”

“మరి నేను బువా అని పిలిచినప్పుడల్లా నాకెందుకు చెప్పలేదు?”

మెహర్ ఫోన్ తీసింది. జైబా పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్ అందులో ఉంది. ఆ రోజు మెహర్ వినలేదు, పనిలో ఉండి తర్వాత వింటాననుకుంది. తల్లి పోయినాకే విన్నది. అప్పటి నుంచి ఎవరి ముందూ వినలేదు. ఇప్పుడు కూతురి ముందూ, మొగుడి ముందూ పెట్టింది. కారు లోపల జైబా గొంతు నిండింది. వెనకాల గడీలో ఎక్కడో పావురాలు కువకువలాడుతున్నాయి.

“సలామాలేకుం బీబీ. మంచిగున్నరా? చిన్న బీబీ మంచిగున్నదా? నా పానం జర బాగలేదు, అంతే. మీకు తీరిక దొరికినప్పుడు ఫోన్ చేయున్రి. తొందరేం లేదు. పని పాడు చేసుకోకున్రి.”

గొంతు ఆగిపోయింది. రఫీయుద్దీన్ స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. మరీహా అడిగింది.

“అప్పుడు నీ పక్కన ఎవరన్నా ఉన్నారా అమ్మీ?”

“ఎవ్వరు లేరు. అది నాకొక్కదానికే పంపింది.”

“మరి నానీ నిన్ను మీరు అంటుందేమిటి?”

మెహర్ వెనక్కి తిరిగి కూతురి ముఖంలోకి చూసింది. చెప్పక తప్పదు. ఇంటికి పోయినాక కాదు, రేపు కాదు. “మీ నానీ ముందుగాల నన్ను బిడ్డా అని పిలుస్తుండె,” అని మొదలుపెట్టింది. “మీరు అనుడు నేను నేర్పిచ్చిన.”